అమ్మ ఇంక ఏ డాక్టర్ మొహమూ చూడనంటోంది, ఏం చెయ్యాలి?

గోదారి అబ్బాయి

అందరికీ నమస్తే అండి. కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మాది తణుకు దగ్గర పల్లెటూరు, నేను జాబ్ కోసం హైదరాబాద్ లో ఉంటా. అమ్మకి 56. పోయినేడాది జూన్ లో తిన్నాక కుడి డొక్కలో నొప్పి, వాంతులు అంటే స్కాన్ తీశారు, గాల్ బ్లాడర్ లో రాళ్ళు. మా ఊరి ఆర్ఎంపీ గారు టౌన్ లో తనకి తెలిసిన నర్సింగ్ హోమ్ కి పంపాడు. కెమెరా ఆపరేషనండి, నాలుగు చిల్లులే, మూడో రోజు ఇంటికెళ్ళి వంట చేసుకోవచ్చు అన్నారు. మా పిన్నికీ అదే ఆపరేషన్ అయింది, వారం తిరక్కుండా చేలోకి వెళ్ళిపోయింది, సో మాకూ భయం వెయ్యలేదు.

రెండో రోజు సాయంత్రం నుంచి అమ్మ కడుపు ఉబ్బడం మొదలైంది. భుజం లాగేస్తోంది అంటది, మంచం మీద ఒత్తిగిల్లలేకపోతోంది. ఆపరేషన్ చేసిన డాక్టర్ గారు రౌండ్స్ కి వచ్చి "గ్యాస్ అమ్మా, కెమెరా కోసం గాలి కొడతాం కదా అదే, లేచి నడువు" అన్నాడు. అమ్మ నడిచిందండి. ఒక చేత్తో గోడ పట్టుకుని ఇంకో చేత్తో కడుపు పట్టుకుని ఆ వరండాలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. పెద్దాయన చెప్పాడు కదా అని. మూడో రోజూ అదే మాట. నాలుగో రోజు రాత్రి బీపీ పడిపోతే అప్పుడు స్కాన్ తీసి, నీరు చేరింది అని పక్క నుంచి ట్యూబ్ వేశారు. సంచిలోకి ముదురు పసుపు రంగులో ఆకుపచ్చ కలిసినట్టు ఏదో వచ్చింది. ఇది బైల్ (లివర్ లో తయారయ్యే పైత్యరసం) కదండీ అని నేను అడిగితే "చిన్న లీక్, అదే తగ్గుద్ది, నువ్వు గూగుల్ చూసి నాకు చెప్పకు" అన్నాడు. తొమ్మిదో రోజు డిశ్చార్జ్ చేశారు, సంచి అలా వేలాడుతుండగానే. డిశ్చార్జ్ కాగితంలో ఏం రాశారో తెలుసా, "ఆపరేషన్ తర్వాత ఏ ఇబ్బందీ లేదు" అని. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

హైదరాబాద్ తీసుకొచ్చి ఎంఆర్ఐ లాంటిది ఏదో తీయిస్తే (ఎంఆర్సీపీ అంటారంట) ఇక్కడి డాక్టర్ గారు ఐదు నిమిషాల్లో చెప్పేశారు, లివర్ నుంచి పేగుకి వెళ్ళే మెయిన్ పైపే కట్ అయిపోయింది, క్లిప్ కూడా దాని మీదే పడింది అని. లోపల వాపు తగ్గేదాకా ఆగాలన్నారు. రెండు నెలలు అమ్మ ఆ సంచితోనే ఉంది. చుట్టాలొస్తే మీద తువ్వాలు కప్పుకునేది. రోజూ ఎన్ని ఎంఎల్ వచ్చిందో రాయమంటే పాల లెక్క పుస్తకంలోనే రాసింది, ఒక పక్క పాలు ఒకటిన్నర లీటరు, ఇంకో పక్క 350, 400, 320 అని. సెప్టెంబర్ లో పెద్ద ఆపరేషన్ చేసి పేగుని పైకి తెచ్చి లివర్ పైపుకి కుట్టారు. 11 రోజులు హాస్పిటల్, నా ఇన్సూరెన్స్ పోను ఇంకో మూడున్నర లక్షలు అప్పు.

ఇప్పుడు అసలు సమస్య. ఈ మూడు వారాల్లో రెండుసార్లు వణుకుతో జ్వరం వచ్చింది అమ్మకి, డోలో వేసుకుంటే రెండు రోజులకి తగ్గింది. అరచేతులు దురద అంటోంది. చెకప్ కి రమ్మంటే రానంటే రానంటోంది. పక్కూళ్ళో కామెర్లకి పసరు పోస్తారు, నాకు తెలీకుండా అక్కడికి వెళ్ళొచ్చింది. గట్టిగా అడిగితే ఒకటే మాట, "కోసేసినందుకు కాదురా, నేను గోడ పట్టుకుని నడుస్తా ఉంటే పక్కనే నిలబడి గ్యాస్ అన్నాడు చూడు, తెలిసీ అన్నాడు, ఇంక వీళ్ళలో ఎవుడు ఏం చెప్పినా నేను నమ్మను".

నిజం చెప్పాలంటే నా పరిస్థితీ అంతేనండి. హైదరాబాద్ డాక్టర్ గారు పాపం ఏ తప్పూ చెయ్యలేదు, ఆయనే అమ్మని బతికించారు, అయినా ఆయన ఏదైనా టెస్ట్ రాస్తే ఇందులో ఈయనకెంత అనే ఆలోచనే ముందొస్తోంది. అమ్మని ఎలా ఒప్పించాలి? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

నిప్పురవ్వ

ఒప్పించడం ఎందుకు బ్రో, మీ అమ్మగారు చెప్పిందే కరెక్ట్. అందరూ అంతే, ఆర్ఎంపీకి కమిషన్, స్కానింగ్ వాడికి కమిషన్, మెడికల్ షాపు వాళ్ళదే. ముందు ఆ నర్సింగ్ హోమ్ ముందు టెంట్ వేసి కూర్చోండి, మీడియాని పిలవండి, అప్పుడు దిగొస్తారు.

ఓటీ సిస్టర్

పైన రాసిన తమ్ముడు, టెంట్ సంగతి తర్వాత. గోదారి అబ్బాయి, నువ్వు ముందు ఇది చదువు. నేను కరీంనగర్ ల ఓటీ (ఆపరేషన్ థియేటర్) స్టాఫ్ నర్సు, 14 ఏండ్ల సంది ఇదే పని. పేగు జాయింట్ చేసిన పేషెంట్ కి వణుకుతో జ్వరం, దురద అంటే ఆ జాయింట్ సన్నబడి పైన ఇన్ఫెక్షన్ పట్టిందేమో అని చూడాలె. డోలోకి తగ్గింది అంటున్నవ్ గదా, జ్వరం తగ్గుతది, లోపలిది తగ్గదు. మూడోసారి వచ్చినప్పుడు బీపీ పడిపోయిందనుకో, గప్పుడు ఊరి నుంచి అంబులెన్స్ ల ఎంత దూరం తీస్కపోతవ్? మూత్రం పచ్చగ వస్తుందా, మలం తెల్లగ పోతుందా అడుగు. ఇయ్యాల్నే అడుగు. పసరు సంగతి చెప్పాల్నంటే, కొన్ని కామెర్లు వాటంతట అవే తగ్గుతయి, పేరు పసరుకి వస్తది. పైపు మూసుకుపోయిన కామెర్లకి ఏ పసరూ దారి తియ్యదు.

ఇంగ మీ అమ్మ అన్న మాట. చదివిన కాడ్నుంచి నా మనసుల మెదులుతనే ఉంది. ఎందుకంటే ఆ వరండాల నేను కూడ ఉన్న. అంటే మీ దగ్గర కాదు, ఇసొంటి వరండాలల్ల. డ్రెయిన్ ట్యూబ్ ల ఆ రంగు కనపడంగనే మాకు తెలుస్తది, డ్యూటీ డాక్టర్ కి తెలుస్తది. పేషెంట్ వాళ్ళు "సిస్టర్ ఇదేంది" అని అడిగితే "సార్ వచ్చి చెప్తరు" అంటం. సార్ వస్తడు, చెప్పడు. మాకు నోరు తెరిచే అధికారం లేదు, తెరిస్తే తెల్లారి డ్యూటీ ఉండదు. సార్లకి భయం ఏందంటే నోటి నుంచి తప్పయింది అన్న మాట వస్తే కేసు అయితది, లేకపోతే నిప్పురవ్వ తమ్ముడు చెప్పినట్టు టెంట్ పడతది, అద్దాలు పగులుతయి. గా భయానికి మూడు రోజులు దాస్తరు. దాసినంక బయటపడితే ఇంగ అది ఆపరేషన్ గొడవ కాదు, మోసం అయితది. నేను ఎవ్వరినీ వెనకేసుకొస్తలేను, జరిగేది చెప్తున్న.

గోదారి అబ్బాయి

థాంక్స్ అక్కా. అడిగా, మూత్రం పచ్చగానే వస్తోందంట, వారం నుంచి. నాకు చెప్పలేదు. రేపు పొద్దున్నే ఊరు బయల్దేరుతున్నా. కానీ నేను వెళ్ళినా వస్తుందన్న నమ్మకం లేదు.

ఓరుగల్లు కత్తి

జనరల్ సర్జన్ ని. పేరు చెప్పను, ఎందుకు చెప్పనో చదివితే అర్థమవుతుంది.

ఈ గాయం నేనూ చేశాను. 2011 లో. అప్పటికి నేను చేసిన గాల్ బ్లాడర్లు నాలుగైదు వందలు ఉంటాయి, అంటే కొత్తోణ్ణి కాదు. అది ఎలా జరుగుతుందో చెప్తాను, సమర్థించుకోవడానికి కాదు, మీ అమ్మగారు "తెలిసీ" అన్నారు కదా ఆ మాట గురించి.

గాల్ బ్లాడర్ ని మెయిన్ పైపుకి కలిపే చిన్న పైపు ఒకటి ఉంటుంది, సిస్టిక్ డక్ట్. మేం క్లిప్ వేసి కత్తిరించాల్సింది దాన్ని. వాపు బాగా ఉన్నప్పుడు ఈ చిన్న పైపు కుంచించుకుపోయి మెయిన్ పైపుకి అతుక్కుపోతుంది. గాల్ బ్లాడర్ ని పట్టి పైకి లాగుతాం కదా, దాంతోపాటు మెయిన్ పైపు కూడా గుడారం గుంజలా పైకి లేచి రెండూ ఒకే గీతలోకి వచ్చేస్తాయి. స్క్రీన్ మీద కనిపించేది సిస్టిక్ డక్టే అని కన్ను చెప్తుంది, మెదడు సరే అనేస్తుంది. ఒకసారి సరే అనుకున్నాక ఆ తర్వాత తేడాగా ఏది కనపడ్డా దానికో వివరణ వెతుక్కుంటాం. అదేంటి ఇంకో గొట్టం ఉంది, ఆఁ ఏదో అదనపు డక్ట్ అయ్యుంటుంది, కొందరికి ఉంటుందిలే. అమెరికాలో ఇలాంటివి 252 కేసులు తిరగేసి 2003 లో పేపర్ రాస్తే, 97 శాతం వాటిల్లో అసలు కారణం ఈ కంటి భ్రమేనని తేలింది. చెయ్యి తడబడటం, పని రాకపోవడం చాలా తక్కువ. అందుకే ఎక్కువ కేసుల్లో టేబుల్ మీద ఉండగా మాకే తెలియదు. ఆపరేషన్ బాగా అయిందని బయటికొచ్చి నవ్వుతూ చెప్తాం, అప్పుడు అది అబద్ధం కాదు.

దీనికి విరుగుడు లేక కాదు. 1995 లోనే స్ట్రాస్‌బర్గ్ అనే సర్జన్ చెప్పాడు, కొవ్వు, పొర అంతా తీసేసి గాల్ బ్లాడర్ లోకి రెండే రెండు వెళ్తున్నాయని, వెనక లివర్ కనపడుతోందని చూసేదాకా దేన్నీ కత్తిరించొద్దు అని. కనపడకపోతే ఆగిపోవాలి, గాల్ బ్లాడర్ ని సగం వదిలేసి రావచ్చు, పొట్ట తెరవచ్చు, డ్రెయిన్ పెట్టి పెద్దాస్పత్రికి పంపొచ్చు. ఆగడమే కష్టం. బయట ఇంకో రెండు కేసులు వెయిటింగ్, పొట్ట తెరిస్తే "కెమెరా అని చెప్పి కోశారేంటి" అని పేషెంట్ వాళ్ళ గొడవ. నేను ఆ రోజు ఆగలేదు. మొత్తంమీద చూస్తే వెయ్యి ఆపరేషన్లకి సుమారు మూడు నుంచి ఐదు దాకా ఇలా అవుతాయని ఎక్కువగా చెప్పే లెక్క, పాత కోత ఆపరేషన్ల రోజుల్లో ఇంతకన్నా తక్కువుండేవి. ఇది ఆపరేషన్ కి ముందు మీకు ఎవరూ చెప్పి ఉండరు. నేనూ 2011 దాకా ఎవరికీ చెప్పలేదు.

సో మీ డాక్టర్ మొదటి రోజు "తెలిసీ" అని ఉండడు. కానీ మూడో రోజుకి కడుపు ఉబ్బి, భుజం లాగి, నడవలేని మనిషిని చూసి గ్యాస్ అన్నాడంటే, తెలుసుకోవడం ఇష్టం లేక అన్నాడు. ఈ రెంటికీ తేడా ఉంది, పేషెంట్ కి లేకపోవచ్చు. గ్యాస్ నొప్పి రోజురోజుకీ తగ్గాలి. పెరుగుతోందంటే ఆపరేషన్ లోపల ఏదో అయిందనే అనుకోవాలి, వేరే రుజువయ్యేదాకా. దీన్ని మేం మా జూనియర్లకి మొదటి సంవత్సరంలోనే చెప్తాం.

నా కేసులో రెండో రోజు అనుమానం వచ్చింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఆమె భర్తని నా రూమ్ లోకి పిలిచి కుర్చీ వేసి, ఇలా అయిందండీ, నా చేతిలోనే అయింది, దీన్ని సరిచేసే నైపుణ్యం నాకు లేదు, చేసేవాళ్ళ దగ్గరికి నేనే ఫోన్ చేశాను, అంబులెన్స్ ఉంది, నేనూ వస్తాను అన్నాను. ఆయన నా కాలర్ పట్టుకున్నాడు. తర్వాత ఏడ్చాడు. అంబులెన్స్ లో నా పక్కనే కూర్చున్నాడు, రెండు గంటలు ఒక్క మాట మాట్లాడలేదు. నా బిల్లు వాపసు ఇచ్చేశాను, అక్కడి బిల్లులో కొంత కట్టాను. వాళ్ళు మళ్ళీ నా దగ్గరికి ఎప్పుడూ రాలేదు, రావాలని నేను ఎదురుచూడనూ లేదు. కేసు కూడా వెయ్యలేదు. చెప్పాను కాబట్టి వెయ్యలేదని నేను అనుకుంటాను, తిరిగే ఓపిక లేక వెయ్యలేదేమో కూడా.

మీ పనికొచ్చే మాట ఒకటి. అమ్మగారి పాల పుస్తకం ఉంది చూశారూ, రోజుకి 350, 400 అని, దాన్ని బట్టే చెప్పొచ్చు అది "చిన్న లీక్" కాదని. లివర్ రోజుకి తయారుచేసేదే సుమారు అర లీటరు నుంచి లీటరు. అందులో అంత సంచిలోకి వస్తోందంటే మెయిన్ పైపే పోయిందని ఆ లెక్కే అరిచి చెప్తోంది. ఆ పుస్తకం కొత్త డాక్టర్ కి చూపించండి. డాక్టర్ చెప్పింది ఆమె వినడం ఇప్పటిదాకా చాలు, ఆమె రాసింది డాక్టర్ ని చదవనివ్వండి.

జ్వరం సంగతి సిస్టర్ చెప్పింది అక్షరాలా నిజం, ఆలస్యం చెయ్యకండి.

నిప్పురవ్వ

సార్, మీరు చెప్పింది చదివాక ఏం అనాలో తెలీట్లేదు. కానీ మీలా చెప్పేవాళ్ళు ఎంతమంది? వందలో ఒకరు?

ఓరుగల్లు కత్తి

లెక్క నాకు తెలీదు. నేను కూడా ఇక్కడ పేరు లేకుండానే చెప్తున్నా కదా.

ఒంగోలు అక్క

తమ్ముడూ, నాది గాల్ బ్లాడర్ కాదు, గర్భసంచి. 41 ఏళ్ళప్పుడు తీసేశారు. అసలు తియ్యాల్సిన పని ఉందో లేదో కూడా ఇప్పుడైతే అనుమానమే, మన రెండు రాష్ట్రాల్లో గర్భసంచులు తీసేయడం దేశంలోనే ఎక్కువ అని తర్వాత తెలిసింది. అప్పుడేమో పుండుంది క్యాన్సర్ అవుద్ది అన్నారు, భయపడి సరే అన్నాం. పది రోజులకి బట్ట తడిసిపోతా ఉంది. ఆపరేషన్ చేసినామె "నీరసం వల్ల, తెల్లబట్ట" అంది. తెల్లబట్ట కాదు, మూత్రం. కిడ్నీ నుంచి వచ్చే నాళం కోసుకుపోయి కింది నుంచి కారతా ఉంది. అది తేలేసరికి నెలన్నర. ఆ నెలన్నర నేను మంచం మీద పడుకోలేదు, చాప మీద ప్లాస్టిక్ కవర్ వేసుకుని పడుకున్నా. మా ఆడపడుచు వచ్చి గుమ్మంలోనే నిలబడి మాట్లాడి పోయింది, వాసనకి. తర్వాత గుంటూరులో నాళాన్ని మళ్ళీ మూత్రసంచికి కుట్టారు, ఇప్పుడు బాగానే ఉన్నా.

మీ అమ్మగారికి నేను చెప్పేది ఒకటే. నాకు నమ్మకం తిరిగి రాలేదు. ఎనిమిదేళ్ళయింది, ఇంకా రాలేదు. నమ్మకం వచ్చాక వెళ్దాంలే అని కూర్చుంటే నా కిడ్నీ ఒకటి ఎప్పుడో పోయుండేది. కాబట్టి నమ్మకుండానే వెళ్తా ఉన్నా. అదెట్టా అంటే, వెళ్ళేటప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకుపోతా, అడగాల్సినవి ఇంట్లోనే రాసుకుంటా. డాక్టర్ ఏదన్నా చెప్తే బొమ్మ గీసి చూపించండి సార్ అంటా. ఇది మొదటిసారి అడిగినప్పుడు చెయ్యి వణికింది. గీసేవాడి దగ్గరికే మళ్ళీ పోతా, గీయనోడి దగ్గరికి పోను. ఒకాయన ప్రిస్క్రిప్షన్ వెనకాల చాలా చక్కగా గీశాడు, కిడ్నీ, నాళం, ఎక్కడ తెగింది, ఎక్కడ కుట్టారు. అది ఇప్పటికీ నా బీరువాలో ఉంది. టెస్ట్ రాస్తే ఇందులో ఏం కనపడితే మీరు ఏం చేస్తారు అని అడుగుతా. ఏమీ మారదు అంటే ఆ టెస్ట్ చేయించుకోను. పక్కన ఎవరో ఒకరిని కూర్చోబెట్టుకుంటా, ఒంటరిగా మాత్రం పోను.

అమ్మని "డాక్టర్లని నమ్మమ్మా" అని బతిమాలొద్దు. నీకు జరిగింది అన్యాయమే అని ముందు అను. నా కొడుకు అట్టా అనడానికి రెండేళ్ళు పట్టింది, "జరిగిందేదో జరిగింది లేమ్మా" అనేవాడు, ఆ మాట ఆపరేషన్ కంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

కోర్టు పక్షి

అడ్వకేట్ ని, కన్స్యూమర్ కేసులు చూస్తా. ఆరోగ్యం సంగతి తేలాక ఇవి చూసుకోండి.

మొదట రికార్డులు. కేస్ షీట్, ఆపరేషన్ నోట్స్, నర్సుల చార్టు, ఆపరేషన్ వీడియో ఉంటే వీడియో, అన్నీ కావాలని రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ రూల్స్ లోనే ఉంది. నోటి మాటగా అడగొద్దు, పోస్టులో పంపి రసీదు దాచుకోండి. ఇవ్వకపోతే అదే రేపు వాళ్ళ మీద పాయింట్. పాల పుస్తకం జాగ్రత్త, దాంట్లో ఇప్పుడు కొత్తగా ఏదీ దిద్దకండి, పాలు లెక్కలు కూడా అలాగే ఉండనివ్వండి, అవి ఉంటేనే అది ఏ రోజుకారోజు రాసిందని తెలుస్తుంది.

కన్స్యూమర్ కమిషన్ లో వెయ్యడానికి రెండేళ్ళ గడువు, పోయిన జూన్ అంటున్నారు కాబట్టి టైం ఉంది. డబ్బులు కట్టి చేయించుకున్న వైద్యం కన్స్యూమర్ చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995 లోనే తేల్చేసింది. మీరు నర్సింగ్ హోమ్ కి కట్టింది ఐదు లక్షల లోపే అయ్యుంటుంది, అయితే కోర్టు ఫీజు కూడా లేదు. పోలీస్ కేసు జోలికి వెళ్ళకండి అనే నా సలహా. క్రిమినల్ కేసు నిలబడాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని 2005 లో జేకబ్ మాథ్యూ కేసులో చెప్పారు.

ఇంక కటువుగా ఉన్నా చెప్పాల్సింది. పైపు కట్ అవ్వడం ఒక్కటే పట్టుకుంటే వాళ్ళ లాయర్ "ఇది తెలిసిన కాంప్లికేషనే, ప్రపంచమంతా జరుగుతుంది" అంటాడు, సర్జన్ గారు పైన చెప్పిన లెక్కే చూపిస్తాడు. మీ బలం అందులో లేదు. కనిపెట్టడంలో ఆలస్యం, పై ఆస్పత్రికి పంపకపోవడం, సంచి వేలాడుతుండగా ఏ ఇబ్బందీ లేదని రాసిన ఆ కాగితం, మీ బలం అక్కడుంది. ఎక్స్‌పర్ట్ ఒపీనియన్ మామూలుగా కావాలి, ఇంకో డాక్టర్ మీద రాసిచ్చే డాక్టర్ దొరకడం నరకం. ప్రతి కేసులోనూ అది తప్పనిసరి కాదని 2010 లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ మన హైదరాబాద్ కేసులోనే. ఆయన మలేరియా డిపార్ట్‌మెంట్ ఉద్యోగి, భార్యకి చలిజ్వరం వస్తే హాస్పిటల్ వాళ్ళు టైఫాయిడ్ అని వైద్యం చేశారు, ఆమె పోయింది. మలేరియా ఆఫీసులో పనిచేసే మనిషికి ఆ గతి.

ఎంత టైం పడుతుందో కూడా తెలిసే దిగండి. నిమ్స్ కేసు వినే ఉంటారు, ఇరవయ్యేళ్ళ ఇంజినీరింగ్ స్టూడెంట్ కి 1990 లో ఛాతీలో గడ్డకి ఆపరేషన్, నడుము కింద చచ్చుబడిపోయింది. గడ్డలోంచి ముక్క తీసి పరీక్ష చెయ్యడానికి ఒప్పుకుంటే మొత్తం గడ్డే తీశారని, న్యూరోసర్జన్ ని పక్కన పెట్టుకోలేదని కోర్టు తప్పు పట్టింది. కోటి రూపాయలు ఇమ్మంది. ఎప్పుడూ? 2009 లో. ఆ కుర్రాడు చక్రాల కుర్చీలోంచి తన కేసు తనే వాదించుకున్నాడు. అందరికీ 19 ఏళ్ళు పట్టదు, కానీ ఆరు నెలల్లో అయిపోతుందని ఏ లాయరైనా అంటే ఆ లాయర్ని కూడా నమ్మకండి.

డెట్రాయిట్ బాబాయ్

మేముండేది మిషిగన్ లో. ఇక్కడ యూనివర్సిటీ హాస్పిటల్ వాళ్ళు 2001 ప్రాంతం నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నారు, ఏదైనా తేడా జరిగితే వాళ్ళే పిలిచి ఏం జరిగిందో చెప్తారు, తమ తప్పయితే సారీ చెప్పి పరిహారం మాట్లాడతారు, కాకపోతే ఎందుకు కాదో వివరిస్తారు. కేసులు పెరుగుతాయని అందరూ భయపడ్డారు, తీరా చూస్తే తగ్గాయి. మన దగ్గర కూడా పెట్టొచ్చు కదా అనిపిస్తుంది.

ఓటీ సిస్టర్

బాబాయ్, అక్కడ సారీ చెప్తే ఇన్సూరెన్స్ కడతది. ఈడ సారీ చెప్తే సార్ ఇల్లు కట్టిన లోన్ గుర్తొస్తది. కానీ మీరన్నది తప్పు కాదు.

గోదారి అబ్బాయి

ఐదు రోజులైంది, అప్డేట్ ఇస్తా అనుకుంటూనే ఉన్నా, టైం దొరకలేదు.

ఊరెళ్ళా. ఏం మాట్లాడాలో తెలీక, ఒంగోలు అక్క గారు రాసింది ఫోన్ లో పైకి చదివి వినిపించా. చాప, ప్లాస్టిక్ కవర్ దగ్గర అమ్మ చేస్తున్న పని ఆపేసింది. మొత్తం విని "ఆవిడకి ఎన్ని రోజులు కారిందన్నావ్?" అని అడిగింది. నెలన్నర అన్నా. "నాకు రెండు నెల్ల నాలుగు రోజులు" అంది. ఇంక ఏమీ అనలేదు. నీకు జరిగింది అన్యాయమే అమ్మా అని నేను అన్నా, అంటే అక్క చెప్పారని అన్నా, కానీ అనేటప్పుడు గొంతు పట్టేసింది. పొద్దున్న లేచి చూస్తే సంచిలో బట్టలు సర్దుకుంటోంది, పైన పాల పుస్తకం.

హైదరాబాద్ లో బిలిరుబిన్ (రక్తంలో కామెర్ల లెక్క) 5.2 వచ్చింది, బాగా ఎక్కువ, వెంటనే అడ్మిట్ చేసి యాంటిబయాటిక్స్ పెట్టారు. సిస్టర్ గారు చెప్పినట్టే జాయింట్ దగ్గర సన్నబడింది. పక్కటెముకల మధ్య నుంచి లివర్ లోకి సన్న ట్యూబ్ వేసి బెలూన్ తో వెడల్పు చేస్తారంట, ఒక్కసారితో అవ్వకపోవచ్చు, కొన్నేళ్ళ పాటు చూసుకుంటూ ఉండాలి అన్నారు. అంటే మళ్ళీ సంచి. నాకు కాళ్ళు ఆడలేదు.

డాక్టర్ గారికి పుస్తకం ఇచ్చాం. ఆయన పాల లెక్కలు కూడా చదివారండి, నవ్వుకుంటూ, ఒక్కో పేజీ తిప్పారు. అమ్మ ఆయన మొహమే చూస్తా కూర్చుంది. బొమ్మ గియ్యండి అని అమ్మే అడిగింది, నేను కాదు. ఆయన గీసి "ఇదిగోనమ్మా, మేం వేసిన జాయింట్ ఇక్కడ సన్నబడింది" అన్నారు. బయటికొచ్చాక అమ్మ నాతో అంటుంది, "మేం వేసిన అన్నాడు, విన్నావా?" అని. నేనైతే అది గమనించనే లేదు.

నమ్మకం కుదిరిందా అని అడగలేదు. ట్యూబ్ వేసిన రాత్రి డ్యూటీ డాక్టర్ వచ్చి నొప్పి మామూలేనమ్మా అంటే, "మామూలంటే ఎన్ని గంటలు, రాసివ్వు" అంది. ఆ పిల్ల పాపం ఇంటర్న్ అనుకుంటా, బిత్తరపోయింది, కానీ కాగితం మీద రాసిచ్చింది. పుస్తకంలో కొత్త పేజీ మొదలెట్టింది అమ్మ, మంగళవారం 250. లాయర్ గారూ, పాత పేజీల్లో ఏమీ దిద్దలేదు లెండి. రికార్డుల కోసం లెటర్ స్పీడ్ పోస్టులో పంపా, నర్సింగ్ హోమ్ కి డెలివరీ అయిందని చూపిస్తోంది, జవాబు ఇంకా రాలేదు. ఇవాళ్టికి రెండో రోజు.